తీసిన ముల్లును ఎక్కడ పారేశారు?

2025 జులై మొదటి వారంలో బరంపురంలో మా వీధి చివరి టీ కొట్టు దగ్గర, ఒకరి చేతిలో ఒడియా పేపరు, మరొకరి చేతిలో తెలుగు పేపరు ఉండగా, అందరి నోటా ఒక్కటే ప్రశ్న వినిపించింది: మాలీ అంటే ఎక్కడ? మాల్దీవులేమో అనుకున్నవారు కూడా ఉన్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని ఆ దేశంలో, సెనెగల్ సరిహద్దుకు దగ్గరగా ఉండే కేయెస్ ప్రాంతంలో, ఒక సిమెంటు ఫ్యాక్టరీ మీద జులై 1న సాయుధులు దాడి చేసి ముగ్గురు భారతీయులను ఎత్తుకుపోయారు. వారిలో ఒకరు మన గంజాం జిల్లా నుంచి వెళ్ళినవారు. అదే రోజు మాలీలోని పలు పట్టణాల మీద దాడులు చేసింది తామేనని అల్ ఖైదాకు అనుబంధంగా పనిచేసే జేఎన్‌ఐఎం అనే సంస్థ ప్రకటించుకుంది.

పొట్ట చేతపట్టుకుని ఊరు దాటడం ఈ జిల్లాకు కొత్త కాదు. సూరత్ మరమగ్గాలకు దాదన్ (వలస) కూలీలుగా వెళ్ళినవారు, గల్ఫ్‌లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా పనిచేసి వచ్చినవారు లేని వీధి ఇక్కడ అరుదు. ఆ రోజు టీ కొట్టు దగ్గర ఒక పాతకాలపు వెల్డరు, పదకొండేళ్ళు మస్కట్‌లో చేసి వచ్చిన మనిషి, గ్లాసు కింద పెట్టి "వాళ్ళకీ మనకీ ఏం పగ?" అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే కేయెస్‌తో మొదలుపెడితే కుదరదు, 1979 దాకా వెనక్కి వెళ్ళాలి.

ముందుగా మాట సంగతి తేల్చుకోవాలి. 'జిహాద్' అనే అరబ్బీ పదానికి మూలార్థం ప్రయాస, పాటుపడడం. మనిషి తనలోని దుర్గుణాలతో పెనుగులాడడం దగ్గర నుంచి ఆత్మరక్షణ యుద్ధం వరకు ఇస్లామిక్ పండితులు దానికి అనేక అర్థాలు చెప్పారు. యుద్ధమనే అర్థంలోనైతే దాన్ని ఎవరు ప్రకటించాలి, ఎవరి మీద చేయి చేసుకోకూడదు అనే కట్టుబాట్లు కూడా పెట్టారు. ఈ వ్యాసంలో జిహాదీ ముఠాలు అన్నప్పుడు, ఆ కట్టుబాట్లను పక్కకు నెట్టి, యుద్ధం ప్రకటించే అధికారాన్ని తమ చేతుల్లోకి తీసుకున్న ఆధునిక సాయుధ సంస్థలని మాత్రమే అర్థం. 'తక్ఫీర్' వారి ప్రధానాయుధం. సాటి ముస్లింను ముస్లిమే కాదని ప్రకటించి, ఆ ముద్ర వేశాక అతణ్ని చంపడం తప్పు కాదని తమకు తాము చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. వీరి చేతుల్లో చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలే కావడానికి ఇదొక కారణం. 2014 డిసెంబరు 16న పెషావర్‌లోని సైనిక పాఠశాలలో పాకిస్తానీ తాలిబాన్ కాల్చి చంపిన 130 మందికి పైగా పిల్లలు ఏ పరాయి మతానికీ చెందినవారు కారు.

ఈ ముఠాల పుట్టుకకు కొందరు మతగ్రంథాల్లో కారణం వెతుకుతారు, కొందరు పేదరికంలో వెతుకుతారు. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు గానీ, అదే గ్రంథాన్ని చదివే కోట్లాది మంది, అదే పేదరికంలో బతికే కోట్లాది మంది తుపాకీ పట్టలేదు కదా. గత నలభై ఐదేళ్ళ సంఘటనలను తేదీల వారీగా పేర్చి చూస్తే నాకు కనిపించేది వేరు: దాదాపు ప్రతి పెద్ద ముఠా, అంతకుముందు ఏదో ఒక ప్రభుత్వం తన అవసరానికి వాడుకుని వదిలేసిన మనుషులతో, ఆయుధాలతో, ఖాళీగా మిగిల్చిన ప్రాంతంలో తయారైంది. ముల్లును ముల్లుతోనే తీయాలని మనకొక సామెత ఉంది. పని అయ్యాక ఆ రెండు ముళ్ళనూ ఎక్కడ పారేయాలో మాత్రం సామెత చెప్పదు.

1979 సంవత్సరాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఆ ఏడాది మొదట్లో ఇరాన్‌లో షా ప్రభుత్వం కూలి మతాధిపతుల పాలన వచ్చింది. నవంబరు 20న మక్కాలోని పవిత్ర మసీదును జుహైమాన్ అల్ ఒతైబీ నాయకత్వంలో సాయుధులు ఆక్రమించుకోవడంతో సౌదీ రాజవంశం పీఠం కదిలింది. తమ మతనిష్ఠను ఎవరూ శంకించకూడదన్న ఆరాటంతో సౌదీ పాలకులు దేశం లోపల ఛాందసులకు పగ్గాలు వదిలారు, బయట వారి భావజాల వ్యాప్తికి డబ్బు కుమ్మరించారు. డిసెంబరు చివరి వారంలో సోవియట్ సేనలు ఆఫ్ఘనిస్తాన్‌లోకి దిగాయి. అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అంతకుముందు జులైలోనే ఆఫ్ఘన్ తిరుగుబాటుదారులకు ఆయుధేతర సాయం రహస్యంగా అందించే ఉత్తర్వు మీద సంతకం చేసి ఉన్నాడు. సోవియట్ దండయాత్ర తరువాత ఆ సాయం ఆయుధాలుగా మారి, రీగన్ కాలంలో వరదలా పెరిగింది. దశాబ్దం ముగిసేసరికి అమెరికా పెట్టిన ఖర్చు దాదాపు 300 కోట్ల డాలర్లు. డాలరుకు డాలరు చొప్పున సౌదీ అరేబియా జత చేసింది.

ఆ డబ్బు, ఆయుధాలు నేరుగా ఆఫ్ఘన్లకు చేరలేదన్నది ఇక్కడ కీలకం. పంపకం మొత్తం పాకిస్తాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐ చేతుల మీదుగా జరిగింది. 1977లో సైనిక తిరుగుబాటుతో గద్దెనెక్కిన జియా ఉల్ హక్‌కు ఆఫ్ఘన్ జాతీయవాదులంటే గిట్టదు, ఎందుకంటే వారు పష్తూన్ ప్రాంతాల మీద హక్కు అడుగుతారు. అందుకని గుల్బుద్దీన్ హెక్మత్యార్ వంటి మతతీవ్రవాద నాయకులకే సింహభాగం దక్కింది. సాయం చేసేవాడికి సోవియట్ల ఓటమి కావాలి, పంచేవాడికి కాబూల్‌లో తన మాట వినే ప్రభుత్వం కావాలి. ఈ రెండు లక్ష్యాల మధ్య తేడాను వాషింగ్టన్ చూసీ చూడనట్టు ఊరుకుంది.

అమెరికాయే బిన్ లాడెన్‌ను తయారుచేసిందని మన దగ్గర చాలామంది తేలిగ్గా అనేస్తారు. అది సగం నిజం కూడా కాదు. అరబ్ దేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద యోధులకు సొంత విరాళాలు, సొంత వసతి ఉండేవి. పాలస్తీనా మూలాలున్న అబ్దుల్లా అజ్జామ్ 1984లో పెషావర్‌లో నెలకొల్పిన సేవా కార్యాలయం వారిని చేర్చుకునేది. సోవియట్లు వెనుదిరగడం ఖాయమైన తరువాత, 1988 ఆగస్టులో అదే ఊళ్ళో అల్ ఖైదా పుట్టింది. అమెరికా తప్పు బిన్ లాడెన్‌కు జీతం ఇవ్వడంలో లేదు, ఇవ్వనూ లేదు. 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ సైనికుడు సరిహద్దు వంతెన దాటగానే ఇక తన పని అయిపోయిందనుకోవడంలో ఉంది. అప్పటికి పాకిస్తాన్ శిబిరాల్లో 30 లక్షలకు పైగా ఆఫ్ఘన్ శరణార్థులున్నారు. యుద్ధం తప్ప మరో పని తెలియని యువకులు పదుల వేల మంది ఉన్నారు. తాను 1986 నుంచి ఇచ్చిన స్టింగర్ క్షిపణులు ఎవరి చేతుల్లో పడతాయోనన్న భయంతో అమెరికా 1990లలో వాటిని తిరిగి కొనుక్కోవడానికి ప్రత్యేక పథకం పెట్టింది. మనుషులను లెక్కపెట్టే పథకం మాత్రం ఎవరూ పెట్టలేదు. ఈ ఒక్క వివరం చాలు, మిగతా కథ ఎటు నడుస్తుందో ఊహించడానికి.

ఆ తరువాతి పదేళ్ళను త్వరగా దాటవచ్చు. 1990 ఆగస్టులో సద్దాం కువైట్‌ను ఆక్రమించాడు. రాజ్యాన్ని కాపాడతానన్న బిన్ లాడెన్ ప్రతిపాదనను సౌదీ రాజు తోసిపుచ్చి అమెరికన్ సైన్యాన్ని పిలిపించాడు. బిన్ లాడెన్ సూడాన్‌కు, అక్కడి నుంచి 1996లో తిరిగి ఆఫ్ఘనిస్తాన్‌కు చేరాడు. అదే ఏడాది సెప్టెంబరులో తాలిబాన్ కాబూల్‌ను పట్టుకుంది. సొంత దేశాల పాలకులైన 'దగ్గరి శత్రువు'ను ఈజిప్టులో, అల్జీరియాలో ఓడించలేకపోయిన జిహాదీలకు, వారి వెనుక నిలబడ్డ 'దూరపు శత్రువు' అమెరికాను కొట్టాలన్న వాదన అప్పుడే రుచించింది. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారెస్సలాంలలోని అమెరికన్ రాయబార కార్యాలయాల మీద జరిగిన పేలుళ్ళలో 224 మంది చనిపోయారు. 2001 సెప్టెంబరు 11న 2,977 మంది.

జవాబుగా వచ్చిన అమెరికా విధానం రెండు పాయలుగా సాగింది. ఒక పాయ పోలీసులది, బ్యాంకులది, న్యాయవాదులది. భద్రతామండలి 1999లో చేసిన 1267వ తీర్మానం తాలిబాన్ మీద ఆంక్షలు పెట్టింది, తరువాత అదే అల్ ఖైదాకూ విస్తరించింది. 2001 సెప్టెంబరు 28 నాటి 1373వ తీర్మానం ఉగ్రవాదానికి డబ్బు చేరకుండా ఆపడం ప్రతి దేశానికీ విధి అని శాసించింది. ఈ పని నత్తనడకన సాగుతుంది, టీవీలో చూపించడానికి దానిలో ఏమీ ఉండదు. రెండో పాయ యుద్ధానిది, కెమెరాలన్నీ దాని వెంటే పడ్డాయి.

ఆ యుద్ధంలో ఇరాక్ దగ్గర తప్పక ఆగాలి, ఎందుకంటే ముళ్ళను పారేయడంలో అంతటి నిర్లక్ష్యం మరెక్కడా కనిపించదు. అల్ ఖైదాతో సద్దాం హుస్సేన్‌కు పొత్తు ఉందన్న ఆరోపణ నిలబడలేదు, సామూహిక విధ్వంసక ఆయుధాలూ దొరకలేదు. 2003 మార్చిలో దాడి మొదలై మూడు వారాల్లో బాగ్దాద్ పడిపోయింది. మే నెలలో అమెరికన్ పాలనాధికారి పాల్ బ్రెమర్ వారం తేడాతో రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. మే 16 నాటి మొదటి ఉత్తర్వు సద్దాం బాత్ పార్టీలోని పై అంచెల సభ్యులను ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తొలగించింది. ఉద్యోగం కోసమే పార్టీ కార్డు తీసుకున్న ఉపాధ్యాయులు కూడా అందులో పోయారు. మే 23 నాటి రెండో ఉత్తర్వు ఇరాక్ సైన్యాన్నే రద్దు చేసింది. ఆయుధ విద్య తెలిసిన, మందుగుండు ఎక్కడ దాచి ఉందో తెలిసిన, ఇంట్లో భార్యాపిల్లలున్న లక్షలాది మంది ఒక్క కాగితంతో రోడ్డున పడ్డారు. ప్రభుత్వ కొలువు పోయిన ఇల్లు ఎలా ఉంటుందో మన మధ్యతరగతికి వేరే చెప్పాలా?

జోర్డాన్ నుంచి వచ్చిన అబూ ముసాబ్ అల్ జర్ఖావీకి ఆ కోపం అందివచ్చింది. ఇరాక్‌లోని షియాలను రెచ్చగొట్టి, సున్నీలకు తన ముఠా తప్ప దిక్కులేని స్థితి తేవాలన్నది అతడి లెక్క. 2006 ఫిబ్రవరి 22న సమర్రాలోని బంగారు గోపురం మసీదు పేలుడు తరువాత దేశం నిజంగానే రెండుగా చీలి కొట్టుకుంది. పట్టుబడిన అనుమానితులను అమెరికా దక్షిణ ఇరాక్‌లోని క్యాంప్ బుక్కాలో కలిపి పెట్టేది. తరువాత ఖలీఫాగా తనను తాను ప్రకటించుకున్న అబూ బకర్ అల్ బాగ్దాదీ 2004లో అక్కడే ఉన్నాడు. మతబోధకులూ, కొలువు పోయిన సైనికాధికారులూ ఒకే తీగల కంచె వెనుక పరిచయం చేసుకున్నారు. ఐసిస్ (ఇస్లామిక్ స్టేట్) నిర్మాణాన్ని కాగితం మీద గీసిన హాజీ బకర్ సద్దాం గగనతల రక్షణ దళపు గూఢచార విభాగంలో కల్నల్‌గా చేసినవాడు.

ఐసిస్‌కు ముందరి రూపాన్ని 2007, 2008లలో దాదాపు చావుదెబ్బ తీసింది ఎవరు? అన్బార్ ప్రాంతపు సున్నీ తెగల వారే. జర్ఖావీ అనుచరుల దౌర్జన్యం భరించలేక వారు తిరగబడ్డారు. అమెరికా వారికి నెలకు సుమారు 300 డాలర్ల జీతం ఇచ్చింది. 'సహ్వా' పేరుతో పేరుకెక్కిన ఆ దళాల్లో దాదాపు లక్ష మంది చేరారు. వారిలో ఐదో వంతు మందిని ప్రభుత్వ భద్రతా దళాల్లోకి తీసుకుంటామని ప్రధాని నూరీ అల్ మాలికీ ప్రభుత్వం మాట ఇచ్చి, ఆ మాటను పూర్తిగా నిలబెట్టుకోలేదు. 2011 డిసెంబరులో అమెరికన్లు వెళ్ళిపోయాక సహ్వా నాయకుల మీద కేసులు, అరెస్టులు వచ్చాయి. పనికొచ్చిన ముల్లును దారి మధ్యలో వదిలేయడమంటే ఇదే. 2014 జూన్ 10న మోసుల్‌లో వేలాది మంది సైనికులు తమకంటే ఎంతో తక్కువ మందిని చూసి యూనిఫారాలు విప్పి పారిపోతే, ఆ నగరంలో ప్రభుత్వం కోసం ప్రాణమివ్వడానికి స్థానికుడెవరూ ముందుకు రాలేదు.

ఐసిస్ గురించి ఇప్పటికే చాలా రాశారు గనుక నేను కొద్దిగానే చెబుతాను. అల్ ఖైదా దూరపు శత్రువును కొట్టాలంటే, వీరు ముందు రాజ్యం స్థాపించాలన్నారు. చమురు అమ్మారు, పన్నులు వసూలు చేశారు, ఇరాక్‌లోని అల్పసంఖ్యాక మతస్థులైన యజీదీల స్త్రీలను బానిసలుగా అమ్మారు. వేర్వేరు దేశాల నుంచి 30 వేలకు పైగా మంది వెళ్ళి చేరారని అంచనా. అంత ముస్లిం జనాభా ఉన్న భారతదేశం నుంచి వెళ్ళినవారి సంఖ్య దానితో పోలిస్తే లెక్కలోకి రానంత తక్కువ. భారత విదేశాంగ శాఖకు ఐసిస్ మొదట కార్మికుల సమస్యగానే ఎదురైంది: తిక్రిత్‌లో చిక్కుకున్న 46 మంది నర్సులు 2014 జులైలో క్షేమంగా తిరిగివచ్చారు, మోసుల్‌లో కనబడకుండా పోయిన 39 మంది కూలీలు మాత్రం హత్యకు గురయ్యారని 2018 మార్చిలో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. నాలుగేళ్ళ పాటు ఆ కుటుంబాలు ఫోను మోగుతుందేమోనని చూశాయి. 2019 మార్చిలో సిరియాలోని చివరి పట్టు బఘూజ్ పడిపోవడంతో ఆ రాజ్యం భూమి మీద లేకుండా పోయింది. ఈశాన్య సిరియాలోని అల్ హోల్ శిబిరంలో ఆ ఏడాది 70 వేల మందికి పైగా పోగయ్యారు, అధికులు స్త్రీలు, పిల్లలు. తమ పౌరులను వెనక్కి తీసుకోవడానికి చాలా దేశాలు ఏళ్ళ తరబడి మొహం చాటేశాయి.

ఇప్పుడు మాలీకి రావచ్చు. 2011 మార్చి 17న లిబియాలో బలప్రయోగాన్ని అనుమతించే 1973వ తీర్మానం భద్రతామండలికి వచ్చినప్పుడు భారత్ ఓటు వేయకుండా తటస్థంగా ఉంది.  అక్టోబరులో లిబియా పాలకుడు గద్దాఫీ చనిపోయాడు, ఆయుధాగారాలు తాళం వేసేవాడు లేక బార్లా తెరుచుకున్నాయి. గద్దాఫీ సైన్యంలో పనిచేసిన టువారెగ్ జాతివారు ఆ ఆయుధాలతో ఎడారి దాటి సొంత దేశమైన మాలీకి చేరి, 2012 జనవరిలో ఉత్తర ప్రాంతపు స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటు మొదలుపెట్టారు. మార్చిలో రాజధాని బమాకోలో సైనిక కుట్ర జరిగింది. కొన్ని నెలల్లోనే అల్ ఖైదా అనుబంధ ముఠాలు టువారెగ్ జాతీయవాదులను పక్కకు నెట్టి ఉత్తరాన్ని చేజిక్కించుకున్నాయి, టింబక్టూలోని సూఫీ సమాధులను గునపాలతో పగలగొట్టాయి. 2013 జనవరి 11న ఫ్రాన్స్ దిగి నెల రోజుల్లో పట్టణాలను విడిపించింది. టింబక్టూ జనం అప్పుడు ఫ్రెంచి జెండాలు ఊపారు.

ముఠాలు అక్కడి నుంచి మధ్య మాలీ పల్లెల్లోకి జారిపోయాయి. పశువులు కాచుకునే ఫులానీలకూ, సేద్యం చేసుకునే డోగోన్ వంటి జాతులకూ మధ్య మేత భూముల తగాదాలు అక్కడ తరాల నాటివి. ప్రభుత్వ కోర్టుకు వెళ్తే లంచం, అటవీ అధికారి ఎదురైతే జరిమానా. అమదూ కూఫా అనే ఫులానీ మతబోధకుడి మనుషులు వచ్చి తగాదా అక్కడికక్కడే తీర్చేవారు. వారి తీర్పు కఠినంగా ఉండేది, కానీ సాయంత్రానికల్లా వచ్చేది. 2017 మార్చిలో ఇయాద్ అగ్ ఘాలీ నాయకత్వంలో కూఫా దళంతో సహా నాలుగు ముఠాలు కలిసి జేఎన్‌ఐఎంగా ఏర్పడ్డాయి. ప్రభుత్వం ముల్లుతో ముల్లు తీయాలనుకుందో, చూస్తూ ఊరుకుందో, డోగోన్ సాయుధ దళాలు పెరిగాయి. 2019 మార్చి 23న ఒగొస్సాగూ అనే ఫులానీ గ్రామంలో సుమారు 160 మందిని నరికి, కాల్చి చంపారు. అలాంటి ప్రతి ఊచకోత తరువాతి వారంలో కూఫాకు కొత్త మనుషులు చేరారంటే ఆశ్చర్యం ఏముంది?

ఫ్రాన్స్ తన ఐదు వేల సైనికులతో నాయకులను ఒక్కొక్కరిగా వేటాడింది. ఊరికి మేజిస్ట్రేటును పంపించడం ఫ్రాన్స్ పని కాదు, పంపించాల్సిన బమాకో పంపలేదు. విసిగిన సైన్యం 2020లో, 2021లో రెండుసార్లు అధికారం లాక్కుంది, ఫ్రెంచివారిని సాగనంపి రష్యాకు చెందిన వాగ్నర్ కిరాయి సైనికులను రప్పించుకుంది. 2022 మార్చిలో మూరా అనే ఊళ్ళో మాలీ సైన్యమూ, దాని వెంట వచ్చిన విదేశీయులూ కలిసి కనీసం 500 మందిని చంపారని ఐక్యరాజ్యసమితి నివేదిక తేల్చింది. 2023 చివరికి ఐక్యరాజ్యసమితి శాంతిదళం కూడా మూటాముల్లె సర్దుకుంది. 2025 సెప్టెంబరు నుంచి జేఎన్‌ఐఎం బమాకోకు పెట్రోలు ట్యాంకర్లు రాకుండా దారులు కాసింది.

ఇక మన వెల్డరు అడిగిన పగ సంగతి. పగ లేదు, వ్యాపారం ఉంది. 2003లో అల్జీరియా సహారాలో ఒక ముఠా 32 మంది యూరోపియన్ పర్యాటకులను పట్టుకుని, లక్షల యూరోలు అందుకున్నాకే చాలామందిని వదిలిందని వార్తలు వచ్చాయి. ఆ ముఠాయే 2007లో అల్ ఖైదా మగ్రెబ్ శాఖగా పేరు మార్చుకుంది. అప్పటి నుంచి సహారా అంచున విదేశీయుడి తలకు ధర పలుకుతోంది. ఉగ్రవాదులకు విమోచన సొమ్ము చేరకుండా చూడాలని భద్రతామండలి 2014 జనవరిలో 2133వ తీర్మానం చేసింది. తన మనిషి ఎడారిలో బందీగా ఉన్నప్పుడు ఏ ప్రభుత్వమైనా ఆ కాగితాన్ని ఎంతవరకు పాటిస్తుందన్నది వేరే మాట. అన్నిటికీ మించి, విదేశీ కార్మికుడు లేకపోతే ఫ్యాక్టరీ నడవదు, కరెంటు లైను పడదు, సైనిక ప్రభుత్వానికి రాబడి రాదు. 2025 నవంబరులో అదే దేశంలో విద్యుదీకరణ పనుల్లో ఉన్న మరో ఐదుగురు భారతీయులను ఎత్తుకుపోయారు. వారి పాస్‌పోర్టు రంగుతో ముఠాకు పనిలేదు, వారు అక్కడ చేస్తున్న పనితోనే ఉంది.

ఈ ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల వారికి కిడ్నాపు రాజకీయం కొత్తదేమీ కాదని ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 2011 ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టరు ఆర్. వినీల్ కృష్ణను మావోయిస్టులు ఎత్తుకుపోయినప్పుడు ప్రొఫెసర్ హరగోపాల్ తదితరులు మధ్యవర్తులుగా భువనేశ్వర్‌లో చర్చలు జరిపి విడిపించారు; మరుసటి ఏడాది కంధమాల్, గంజాం అడవుల అంచున ఇద్దరు ఇటలీ దేశస్థుల వంతు వచ్చింది. మావోయిస్టుల సిద్ధాంతం వేరు, జేఎన్‌ఐఎం సిద్ధాంతం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. బలిమెల జలాశయం నీళ్ళతో తెగిపోయిన 151 ఊళ్ళ 'కటాఫ్ ఏరియా'ను తలచుకుంటే, ప్రభుత్వం లేని చోటును మరొకరు ఎలా నింపుతారో మాత్రం మనకు వేరే పుస్తకం చదవనవసరం లేకుండా అర్థమవుతుంది. 2008 జూన్ 29న ఆ జలాశయంలోనే పడవ మీద వస్తున్న ఆంధ్రా గ్రేహౌండ్స్ దళం మీద దాడి జరిగి 38 మంది చనిపోయారు. బలగాలు ఆ తరువాతా వెళ్ళాయి, ఎన్‌కౌంటర్లూ జరిగాయి. అయితే 2018 జులైలో ఆ జలాశయం మీద గురుప్రియ వంతెన తెరిచాక బస్సు, అంబులెన్సు, రేషను బియ్యం ఆ ఊళ్ళకు చేరడంతో వచ్చిన మార్పు తుపాకీ ఒక్కదానితో వచ్చింది కాదని ఆ దారిన వెళ్ళివచ్చిన ఎవరైనా చెబుతారు. మధ్య మాలీకి అలాంటి వంతెన ఎవరూ కట్టలేదు.

భారత్‌కు ఎదురైన జిహాదీ ముఠాల స్వభావం ఇంకొకటి. లష్కరే తోయిబా, జైషే మహమ్మద్‌లు ప్రభుత్వం లేని చోట పుట్టినవి కావు, ప్రభుత్వం నీడలోనే పెరిగినవి. ఆఫ్ఘన్ యుద్ధం ముగిశాక మిగిలిన శిబిరాలు, శిక్షకులు, చందాల పెట్టెలు 1990లలో కశ్మీర్ వైపు తిరిగాయి. 1999 డిసెంబరులో భారత విమానం ఐసీ 814ను కాందహార్‌కు మళ్ళించి హైజాకర్లు విడిపించుకున్న మసూద్ అజర్, మరుసటి ఏడాదే జైష్‌ను స్థాపించాడు. ఎదుటివాడి చేతిలో అణ్వాయుధం ఉన్నప్పుడు ఎంతవరకు కొట్టవచ్చన్నది ఢిల్లీని అప్పటి నుంచీ వెంటాడుతున్న ప్రశ్న. 2008 నవంబరులో పదిమంది ముంబైలో 166 మందిని చంపినప్పుడు మన్మోహన్ సింగ్ ప్రభుత్వం సైనికంగా బదులివ్వకుండా సాక్ష్యాధారాలతో ప్రపంచం ముందుకు వెళ్ళింది. ఉరీ తరువాత 2016లో నియంత్రణ రేఖ దాటి దాడులు, పుల్వామా తరువాత 2019లో బాలాకోట్ మీద వైమానిక దాడి, 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని చంపిన తరువాత మే 7న ఆపరేషన్ సిందూర్. ప్రతిసారీ దెబ్బ మరింత లోపలికి వెళ్ళింది. పహల్‌గామ్ మృతుల్లో మహారాష్ట్రవారు ఆరుగురు, ఆంధ్రావారు ఉన్నారు, ఒడిశావారూ ఉన్నారు. ఆ వారం ఈ రెండు భాషల ఇళ్ళల్లోనూ ఒకే దుఃఖం.

బాంబుల కంటే తక్కువ మాట్లాడుకున్నది ఇంకొకటుంది. అంతర్జాతీయ ఆర్థిక నిఘా సంస్థ ఎఫ్ఏటీఎఫ్ 2018 జూన్ నుంచి 2022 అక్టోబరు వరకు పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే నిఘా జాబితాలో, ఉంచింది. అప్పు పుట్టడం కష్టమయ్యేసరికి, అంతవరకు చాలావరకు స్వేచ్ఛగా తిరిగిన లష్కరే స్థాపకుడు హఫీజ్ సయీద్‌కు అక్కడి కోర్టులే జైలుశిక్షలు వేశాయి. పదేళ్ళ పాటు చైనా అడ్డుపడ్డాక 2019 మే 1న మసూద్ అజర్ పేరు ఐక్యరాజ్యసమితి జాబితాకెక్కింది. లిస్టు నుంచి బయటపడగానే ఒత్తిడి సడలిందన్నదీ నిజమే. అయినా నా మటుకు నాకు, క్షిపణి చేయలేని పనిని ఆ నాలుగేళ్ళ జమాఖర్చుల తనిఖీ చేసిందనే అనిపిస్తుంది. ఒకప్పుడు అవతలివారి కోసం పెంచిన ముళ్ళే పాకిస్తాన్ కాలికీ గుచ్చుకుంటున్నాయన్నది వేరే సంగతి: తాము సాకిన తాలిబాన్ కాబూల్ గద్దెనెక్కిన నాలుగేళ్ళకే, 2025 అక్టోబరులో, ఆ సరిహద్దులో రెండు సైన్యాలు కాల్పులు జరుపుకున్నాయి. అదే వారం తాలిబాన్ విదేశాంగ మంత్రి ఢిల్లీలో ఉన్నాడు, కాబూల్‌లోని తన సాంకేతిక కార్యాలయాన్ని తిరిగి రాయబార కార్యాలయంగా మారుస్తున్నట్టు భారత్ ప్రకటించింది. అంతకు ఇరవై ఆరేళ్ళ ముందు కాందహార్ విమానాశ్రయంలో మనం ఎదుర్కొన్నది ఇదే తాలిబాన్‌ను.

సిరియాలో ఇంకా విచిత్రం. ఒకప్పుడు అల్ ఖైదా శాఖకు నాయకుడిగా, తలకు కోటి డాలర్ల వెలతో ఉన్న అహ్మద్ అల్ షరా 2024 డిసెంబరు 8న డమాస్కస్‌లో అడుగుపెట్టాడు, సంవత్సరం తిరగకుండానే వైట్ హౌస్‌కు అతిథిగా వెళ్ళాడు. మారాడా, వేషం మార్చాడా అన్నదాని మీద పెద్దపెద్ద వ్యాసాలు వస్తున్నాయి. నేను అడిగేది అంతకంటే చిన్న ప్రశ్న: అతడితో పాటు వచ్చిన విదేశీ యోధులకు, కూలిపోయిన అధ్యక్షుడు అస్సద్ పాలనలో పనిచేసి, ఇప్పుడు రద్దయిన సైన్యంలోని జీతగాళ్ళకు రేపు తిండి ఎవరు పెడతారు? బ్రెమర్ రెండో ఉత్తర్వు మీద సంతకం పెట్టిన రోజు ఎవరైనా ఇదే అడిగి ఉంటే బాగుండేది.

మొన్న ఆ వెల్డరు తన మేనల్లుడిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్రాడు ఐటీఐలో ఫిట్టరు, ట్రేడ్ టెస్టు పాసయ్యాడు, ఏజెంటు పశ్చిమ ఆఫ్రికాలో గల్ఫ్ కంటే ఎక్కువ జీతం అన్నాడట. పదో తరగతి పాసవని కార్మికులు పనికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం కింద ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన 18 దేశాల జాబితాను నేను ఫోనులో తీసి చూపించాను. ఇరాక్, లిబియా, సిరియా, యెమెన్, ఆఫ్ఘనిస్తాన్ అన్నీ అందులో ఉన్నాయి. మాలీ లేదు, బుర్కినా ఫాసో లేదు, నైజర్ లేదు. "లేదంటే భయం లేనట్టే కదండీ?" అన్నాడు కుర్రాడు. వెల్డరు ఏమీ అనకుండా ఫోను తన చేతిలోకి తీసుకుని, అద్దాలు పైకి జరుపుకుని, మ్యాపులో కేయెస్ నుంచి సెనెగల్ సరిహద్దు ఎంత దూరమో వేలితో కొలవడం మొదలుపెట్టాడు.